కోడలు ఎక్కే సారె

ఓబుళేశు నాయనకు,

నేనూ కోడలు శివలీలా కడపలో ప్రాణాలతో ఉన్నాం. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఈ కార్డు.

నిన్న కుమ్మరి సారెలు అమ్మే దుకాణానికి పోయినాము. కోడలికి ఐదో నెల, నేల మీది సారె ముందు వంగి కూర్చోలేదు. కుర్చీలో కూర్చుని తిప్పే కరెంటు సారె చూపించమన్నాను. అమ్మేటాయన నవ్వి, "మీ కులంలో ఆడోళ్లు సారె ఎక్కుతారామ్మా?" అన్నాడు. "ఎక్కే నా కొడుకు చెరువులో మట్టి తవ్వతా, గట్టు విరిగి మీద పడి సచ్చిపోయినాడప్పా" అన్నాను. ఆయన మట్టిముద్ద తెచ్చి సారె మీద పెట్టినాడు.

కోడలు తడబడకుండా కుండ లేపింది. మూతి అచ్చం మన ఓబుళేశు తిప్పినట్లే తిప్పింది. "యాడ నేర్చుకున్యావే?" అన్నాను. "మీరు సంతకు పోయినప్పుడు ఆయప్పే తలుపేసి నేర్పించినాడత్తా. మామకు చెప్పొద్దు" అంది. నేను దాచలేను. వాడి మీద కోపం చేసుకోవద్దు, తిట్టడానికి కూడా వాడు దొరకడు.

ఆ సారెనే ఖాయం చేసినాను. ఆదివారం తెస్తాం. ఆడదాన్ని సారె ఎక్కనీయనని గడప దగ్గర ఆపొద్దు, నీకు దండం పెడతాను. కొట్టంలో ప్లగ్గు పెట్టించు. వాడి సారెను గోడవారకు జరుపు, పగలగొట్టొద్దు. మేక మేత తింటోందా? నువ్వు తింటున్నావా? ఉరుకుందమ్మ వదినను అడిగినానని చెప్పు.

పోయే ముందురోజు వాడు తెచ్చిన మట్టి మీద రోజూ నీళ్లు చల్లు, ఎండనీయకు. కోడలు దాంతోనే తొలికుండ చేస్తుందంట. దాన్ని నువ్వే కాల్చాలి.

దేవుడు నిన్నన్నా మాకు మిగిల్చాలని మొక్కుకునే
కృష్ణవేణమ్మ