మిగిలిన అన్నం ఎవరు తింటారు

వినీలక్కకు, నా కోడిగీతలకు నవ్వుకోవద్దు, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోన్లో చెబుదామంటే పక్కనే అత్త ఉంటుంది.

లావు తగ్గాలని నువ్వు అన్నం మానేసి కొబ్బరినూనె తాగుతున్నావని, మొన్న కళ్లు తిరిగి పడ్డావని అమ్మ చెప్పింది. ఆపెయ్యి అక్కా. నేనూ ఆ నూనె తాగాను, ఆ తర్వాత తేనె నిమ్మరసంతో పస్తులున్నాను. నాలుగు కిలోలు తగ్గి ఆరు పెరిగాను. నిన్న అత్త నన్ను గూడూరులో డాక్టరమ్మకు చూపించింది. ఆమె మొదట అడిగిందేమిటో తెలుసా? "మీ ఇంట్లో మిగిలిన అన్నం ఎవరు తింటారు?" నేను అత్త వైపు చూశాను.

"ఈ పిల్లే తింటాదమ్మా. పారేస్తే పాపం గదా" అంది అత్త.

"మరి ఈ పిల్ల పొట్టేమన్నా కుడితితొట్టా? అన్నం మానొద్దు, ఒక గ్లాసు తక్కువ వండండి. కూరలు ఎక్కువ తిని, రోజూ నడిచి, నెలకు కిలో తగ్గినా చాలు. అట్లా తగ్గిందే నిలబడేది" అంది డాక్టరమ్మ.

మా వంటింట్లో నిలబడి చూసినట్టే ఎలా చెప్పిందో! ఆ ఆశ్చర్యం ఇంకా పోలేదు. ఇవాళ మధ్యాహ్నం అత్త రెండు కంచాలు పెట్టి "రామ్మే, నాతో కూచో" అంది. పెళ్లయిన మూడేళ్లలో ఇదే మొదలు. ఏం తిన్నానో నాకే తెలియలేదు.

చంటోడి దగ్గు తగ్గిందా? దోసావకాయ కొంచెం పంపు. నువ్వు అన్నం తింటున్నావని అమ్మతో చెప్పించు. బావకు నమస్కారాలు. అత్త మంచిది, ఇంటి మాట రాశానని తెలిస్తే నొచ్చుకుంటుంది. చదివిన వెంటనే కాల్చెయ్యి.

చెంచులక్ష్మి