బూడిదరంగు జంటకు నల్లపిల్లలు

గిద్దలూరు, బుధవారం

మరియమ్మ గుడ్లు మార్చలేదు. ఇది రాసుకున్నాకే మనసు కుదుటపడింది.

మా బూడిదరంగు కోళ్ల గుడ్లు ఆమెకు పాలుకిచ్చాను. పొదిగించి సాకితే సగం పిల్లలు ఆమెవి. తీరా చూస్తే సగమే బూడిదవి, మిగిలినవి నల్లవీ తెల్లవీ. మార్చేశావని మొహం మీదే అనేశాను.

"మీ ఇంట్లోనే పొదగేసి చూసుకోండి అయ్యవారూ" అని వెళ్లిపోయింది.

పంతంకొద్దీ గుడ్డుగుడ్డుకీ బొగ్గుతో గీతపెట్టి మా పెరట్లోనే పొదగేశాను. ఈ పొద్దున పిల్లలయ్యాయి. మళ్లీ అవే మూడు రంగులు! ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మా ఊరికొచ్చిన కొత్త పశువుల డాక్టరు నవ్వేశాడు. "నలుపూ తెలుపూ కలిస్తే వచ్చే రంగు మాస్టారూ ఇది. రెండు బూడిదలు జతకడితే మళ్లీ విడిపోతుంది."

బళ్లో పిల్లల్ని కూడా ఇట్లాగే ఎన్నిసార్లు అనుమానించానో...

సాయంత్రం మరియమ్మ ఇంటికెళ్లి తప్పు నాదేనన్నాను. ఆమె పిల్లల్ని మూసిన గంప ఎత్తింది.

"మీ పాలు ఆ పొద్దే ఏరిపెట్టినా అయ్యవారూ. కాళ్లకు దారం కట్టినవి మీవి."

దారం కట్టినవన్నీ బూడిదవే.