నువ్వు తల ఊపిన సంగతి

నాన్నా,

చదువుకున్న పిల్లకి కోర్టు సరదా పట్టిందని మనవాళ్ళంతా నన్ను అంటున్నారు. ఈ వీధి వదిలేస్తే అమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకోవడానికి ఎవరొస్తారో ఒక్కరూ ఆలోచించరు.

ఖాళీ చేయమని మన మీద కేసు వేసిన ఇల్లుగలాయన ఇవాళ ఏలూరు కోర్టులో సాక్ష్యం చెప్పాడు. “ఆయన మంచాన పడ్డాక పళ్ళు పట్టుకెళ్ళి చూసొచ్చానండీ. వేసవికల్లా ఇల్లు ఖాళీ చేస్తారా మాస్టారూ అంటే, అలాగేనని తల ఊపారండీ.”

అబద్ధం కాదు. నేను పక్కనే ఉన్నాను, నువ్వు ఊపావు. పక్షవాతం వచ్చాక, పోయేదాకా, ఎవరేమడిగినా ఊపేవాడివి. మెతుకు ముట్టకుండానే, తిన్నావా అంటే ఊపావు. ఎప్పుడో పోయిన తాతయ్య బాగున్నారా అని ఎవరో అడిగితే దానికీ ఊపావు.

బయటికొచ్చాక ఆ మాటే లాయరుగారికి చెప్పాను. “బోనెక్కి ఇదే చెప్పండమ్మా, మన కేసు నిలబడుతుంది” అన్నారు.

అమ్మ నన్ను వరండా చివరికి లాక్కెళ్ళింది.

“మీ నాన్నకి మతి పోయిందని నలుగురిలో చెబుతావటే? ఊళ్ళో సగం మందికి లెక్కలు నేర్పిన మనిషి ఆయన.”

“ఇల్లు పోతే ఎక్కడుంటామమ్మా?”

“దెందులూరులో మావయ్య వాళ్ళ వసారాలో పడుందాం. ఆయన్ని మాత్రం బజారుకీడ్చకు.”

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ నా వైపు చూడలేదు. వాయిదాకి తను రానని ఇంటికొచ్చాక చెప్పింది.

నేను వెళ్తున్నాను. చివరి రోజుల్లో నీకు మతి లేదని చెబుతాను.