వేలు పడని గేటు

జూలై 21, సోమవారం

ఈ రోజు నేను పనిచేసే హెల్ప్‌డెస్క్‌కి కొత్త మెషిన్ వచ్చింది. సర్వీస్ గేటుకి బిగించారు. ఆగస్టు ఒకటి నుంచి పనివాళ్లందరూ అందులో వేలు పెట్టి లోపలికి రావాలి. వాళ్ల వేలిముద్రలు అందులో ఎక్కించే పని నాకిచ్చారు. కంప్యూటర్ తెలిసినదానివి నువ్వే కదా అనూషా, అన్నారు మేనేజర్ లోకనాథం గారు. గర్వంగానే అనిపించింది. ఇక్కడ దాచడం ఎందుకు.

మా ఎన్‌క్లేవ్ పలాస నుంచి టెక్కలి వెళ్లే హైవే మీద ఉంది. ముందు మాల్, వెనక గోడ, గోడ లోపల నూట పన్నెండు విల్లాలు. మాల్‌కి ఎవరైనా రావచ్చు. మాల్ పక్కనున్న మెయిన్ గేటు ఓనర్లకి, వాళ్ల గెస్ట్‌లకి. పనివాళ్లు గోడ చుట్టూ పావుగంట నడిచి వెనక సర్వీస్ గేటుకి రావాలి. మా అమ్మ జీవరత్నమ్మ రోజూ అలాగే వస్తుంది. నలభై ఒకటో విల్లాలో, సుధారాణి గారింట్లో పని. ఆమె నా తల్లి అని ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు. నేనూ ఎత్తను.

జూలై 24, గురువారం

నూట ముప్పై మంది వేళ్లు ఎక్కాయి. ఆరుగురివి ఎక్కలేదు. అమ్మ, రత్నాలమ్మ అత్త, దేవి, ఇంకో ముగ్గురు.

ఆరుగురూ ఇదివరకు కాశీబుగ్గలో జీడి పిక్కలు కొట్టినవాళ్లే. పిక్క తొక్కలో ఉండే నూనె వేళ్లని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా ఆగదు. అమ్మ ఇరవై రెండేళ్లు కొట్టింది. నేను డిగ్రీ పాసయ్యేదాకా కొట్టింది. తర్వాత దగ్గు పట్టుకుని మానేసింది. ఆమె వేళ్ల చివర నల్లటి మచ్చలున్నాయి గాని గీత అన్నది లేదు. ఇన్నేళ్లూ ఆ చేతి అన్నం తిని, ఈ రోజే చూశాను.

మెషిన్ ప్రతిసారీ ఆడగొంతుతో ట్రై అగైన్ అంది. రత్నాలమ్మ అత్త, ఈ ఆడమనిసికి ఓపిక సేనా ఉన్నాది, మా కోడలికి ఇందులో సగం నేదు, అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూలై 25, శుక్రవారం

లోకనాథం గారిని అడిగాను. వేలు లేకపోతే ఎంట్రీ లేదన్నారు.

జూలై 27, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే అమ్మ మామూలుగా అంది. రేసన్ సాపు కాడ నా ఏలు పడకపోతే నీ ఏలు ఎట్టీసినావు కదా, ఇక్కడా అలాగే ఎట్టీ, అని.

రేషన్ కార్డులో పేరున్నవాళ్లు ఎవరు వేలు పెట్టినా ఇంటి మొత్తానికి బియ్యం వస్తాయి. అమ్మ లెక్కలో వేలు మనిషిది కాదు, ఇంటిది. అది రేషన్, ఇది సెక్యూరిటీ, అన్నాను. సెక్యూరిటీవోల్లకి ఇల్లూ వాకిలీ ఉండవేటి, అంది.

జూలై 31, గురువారం, సాయంత్రం 6

ఎక్కించేశాను. జీవరత్నమ్మ పేరు మీద నా ఎడమచేతి ఉంగరం వేలు. మెషిన్ థాంక్యూ అంది.

ఆగస్టు 1, శుక్రవారం

పావుతక్కువ ఎనిమిదికి మెషిన్ చెక్ చేస్తున్నట్టు సర్వీస్ గేటు దగ్గర నిలబడ్డాను. అమ్మ వచ్చింది. నేను వేలు పెట్టాను. గేటు తెరుచుకుంది, అమ్మ వెళ్లిపోయింది. పక్కనే ఉన్న గార్డు సన్యాసి మావ ఆకాశం వైపు తిరిగి, వాన ఒచ్చీలాగున్నాది, అన్నాడు. ఎండ మండిపోతోంది.

మిగతా ఐదుగురినీ వెనక్కి పంపాడు. పంపమన్న లిస్టు నేను టైప్ చేసిందే.

ఆగస్టు 5, మంగళవారం

ఐదుగురూ ఈ రోజు మాల్‌లో, ఏసీ కింద బెంచీల మీద కూర్చున్నారు. మాల్‌లోంచి ఎవరూ వెళ్లగొట్టలేరు. వాళ్ల ఎదురుగా అద్దం తలుపు, ఆ తలుపు అవతల నా డెస్క్. లంచ్‌కి బయటికి వస్తే తప్పించుకోవడానికి దారి లేదు.

ఏటే పిల్లా, మీ యమ్మకి ఏలు మొలిసిందంట, ఏ మందు రాసినావో మాకూ సెప్పు, అంది రత్నాలమ్మ అత్త. దేవి తన కూతుర్ని వెంట తెచ్చింది. ఇంటర్ చదువుతోంది. ఇది మా ఇంటి పిల్లే, ఏలు సుబ్బరంగున్నాది, ఎక్కించీ, అంది.

ఎలా తెలిసిందో అప్పుడు అర్థమైంది. అమ్మే చెప్పింది. దాచాల్సిన విషయమని ఆమెకు తోచనే లేదు. మీరూ పిల్లల్ని తీసుకెళ్లండి అని వాళ్లకి సాయం చేసింది.

కుదరదని దేవికి చెప్పాను. మీదొక్కటే ఇల్లు, మాది ఇల్లు కాదు, అంది దేవి. ఆ పిల్ల నా ఐడీ కార్డు చదువుతూ నిలబడింది.

ఆగస్టు 7, గురువారం

లోకనాథం గారికి నిజం చెప్పాను. పొద్దున్నుంచీ మూడుసార్లు ఆయన గది దాకా వెళ్లి వచ్చి, నాలుగోసారి వెళ్లాను.

ఆయన లేచి తలుపు వేశారు. కోప్పడతారనుకున్నాను. వైజాగ్ ఆఫీసుకి రిపోర్టు వెళ్లిపోయిందమ్మా, అన్నారు. అందరి వేళ్లూ ఎక్కాయి, హండ్రెడ్ పర్సెంట్ అని వెళ్లింది. ఆ ఐదుగురి పేర్లు లిస్టులోంచి తీసేశారు కాబట్టి హండ్రెడ్ పర్సెంట్. పైవాళ్లు మెచ్చుకున్నారట. మీ అమ్మకి జరిగిపోతోంది కదా, ఇక కదపొద్దు, అన్నారు.

ఆ ఆరుగురికీ వేలు బదులు గేటు కార్డులు ఇవ్వండి అని అడిగాను. కార్డులైతే ఒకరివి ఒకరికి ఇచ్చుకుంటారు, వేలు ఇచ్చుకోలేరు కదా, అని నవ్వారు. తర్వాత నా చెయ్యి చూసి నవ్వు ఆపేశారు.

ఆగస్టు 8, శుక్రవారం

అమ్మ పేరు మీదున్న నా వేలు డిలీట్ చేశాను. మెషిన్ ఆర్ యూ ష్యూర్ అని రెండుసార్లు అడిగింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ కూర తరుగుతోంది. నన్నొక్కదాన్నీ లోపలెట్టినావని ఆల్లు నాతో మాటాడ్డం మానీసినారు, ఇప్పుడు తీసీసినావని నాను నీతో మాటాడను, అంది.

రాత్రి నా కంచం నాన్న చేతికిచ్చి పంపింది.

ఆగస్టు 9, శనివారం

అమ్మ కాశీబుగ్గ వెళ్లి జీడి ఫ్యాక్టరీలో అడిగి వచ్చింది. దగ్గున్నవాళ్లని తీసుకోరట. నాన్నతో చెబుతుంటే విన్నాను.

ఆగస్టు 11, సోమవారం

సుధారాణి గారు హెల్ప్‌డెస్క్‌కి వచ్చారు. మూడు రోజులుగా గిన్నెలు ఆవిడే తోముకుంటున్నారు. వేళ్లు చూపించారు. తోలు ఊడుతోంది. ఈ లెక్కన నన్నూ రేపు లోపలికి రానివ్వరేమో, అన్నారు.

లోకనాథం గారు రూల్ చెప్పారు. ఆవిడ ఫోన్ తీసి యాప్‌లో గెస్ట్ అన్న బటన్ చూపించారు. గెస్ట్‌కి వేలు అక్కర్లేదు. ఓటీపీ చాలు. పనిమనిషి గెస్ట్ కాదండీ, అన్నారాయన. నా ఇంటికి ఎవరిని పిలవాలో నువ్వు చెబుతావా, అన్నారావిడ. ఓనర్ల గెస్ట్‌లని ప్రశ్నించకూడదు అని గోడ మీద బోర్డు ఉంది. ఆయనే పెట్టించారు.

అమ్మ మీద జాలితో చేశారని నేను అనుకోను. సింకు నిండిపోయింది. అయినా ఆవిడ ఆయన్ని అలా అడుగుతుంటే నాకు సంతోషంగా అనిపించింది.

ఆగస్టు 12, మంగళవారం

అమ్మ మెయిన్ గేటు నుంచి వచ్చింది. గెస్ట్ కదా. సన్యాసి మావకి ఇప్పుడు డ్యూటీ అక్కడే. లేచి నిలబడి, కార్ల కోసం పెట్టిన అడ్డకర్ర పూర్తిగా పైకెత్తాడు. కూకో అన్నా, గిన్నెలు తోమడానికే ఒచ్చినాను, అంది అమ్మ. మధ్యాహ్నానికల్లా సుధారాణి గారు ఈ గెస్ట్ బటన్ సంగతి విల్లాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు.

నాకు మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా డేటా మార్చినందుకు. సోమవారం నుంచి నేను మాల్ కింద పార్కింగ్ కౌంటర్‌లో ఉంటాను.

ఆగస్టు 16, శనివారం

హెల్ప్‌డెస్క్‌లో ఆఖరి రోజు. అప్పగించే ముందు గెస్ట్‌ల లిస్టు చూశాను. ఆరుగురూ ఉన్నారు. వచ్చిన పని అన్న చోట యాప్‌లో మూడే ఉంటాయి. ఫంక్షన్, డిన్నర్, కాఫీ. ఆరుగురూ రోజూ కాఫీకే వచ్చారు.

ఇంటికొచ్చి అమ్మని అడిగాను, కాఫీ ఇచ్చారా అని. వారం తర్వాత నాతో మాట్లాడింది.

నానే కలిపినాను, ఆవిడ తాగింది, అంది.