తెరవని తూము

శుక్రవారం, ఐ.పోలవరం

పొద్దున్నుంచీ ముసురు. మా చెరువులో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు కనబడింది. తూము తెరిచి నీళ్లు కాలవలోకి వదిలేస్తే, మిగిలిన రొయ్యలు పట్టి అమ్ముకోవచ్చు. కానీ ఆ నీళ్లే తోడుకునే కింది చెరువుకు తెగులు అంటుకుంటుంది.

"అందరూ వదిలేత్తన్నారు బావగారూ, మీరొక్కరే ధర్మరాజా?" అన్నాడు బావమరిది. డిగ్రీ చదివే మా అమ్మాయేమో, అందరూ అలాగే చేస్తే ఏమవుతుందో ఆలోచించమని తన పాఠం చెప్పింది. ఇద్దరి మాటా సబబుగానే తోచి, తూము దగ్గరే నిలబడిపోయాను.

మా ఆవిడ వచ్చి, "కింద చెరువు ఎవరిదండీ?" అంది.

"మంగమ్మది. మొన్ననే రొయ్యపిల్ల వేసింది."

"మరింకేటండీ" అని తనే తూముకు మట్టి మెత్తింది.

ఈసారి పంట పోయినట్టే. అమ్మాయి ఫీజు ఎలా కట్టాలో... అయినా ఆవిడను చూస్తే గర్వంగా ఉంది.

బావమరిది భోజనం చెయ్యకుండా సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.