రుచి చూడటం తినడం కాదట!

ఏవండీ,

కూర వేడి చేసుకుని తినండి. గ్యాస్ కట్టేయడం మర్చిపోకండి. నేను కుట్టు షాపు తెరవాలి, రావడానికి చీకటి పడుతుంది.

ఇక అసలు సంగతి. గెలిచాం! స్కాన్ అవగానే మీరు బేకరీకి పరుగెత్తారు కదా, రిపోర్టు నేనే డాక్టరమ్మకు చూపించాను. లివర్ బాగా మెత్తబడిందట. తాగుడు మానేశారు కాబట్టి లోపలి మచ్చలు తగ్గుముఖం పట్టాయట. పోయినసారి స్కాన్‌లో లివర్ గట్టిదనానికి వచ్చిన అంకె చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చాం, గుర్తుందా? ఆ రోజు పొద్దున్నుంచీ బేకరీలో బన్నులు రుచి చూస్తూనే స్కాన్‌కి వెళ్లారని చెబితే ఆవిడ తల పట్టుకున్నారు. ఏమైనా తిని వెళ్తే ఆ అల్ట్రాసౌండ్ మిషను లివర్‌ని ఉన్నదానికంటే గట్టిగా చూపిస్తుందట. ఏమీ తినకుండా వెళ్లమని అప్పుడే నేనంటే, "రుచి చూడటం కూడా తినడమేనా?" అని నా మీద గయ్యిమన్నారు. అందుకే ఈసారి స్కాన్ అయ్యేదాకా మీకు సెలవు పెట్టించి, వంటింటి గుమ్మంలో కాపలా కూర్చున్నాను. మందు మానింది మీరే, కాదనను. కానీ ఇన్నాళ్లూ పక్కన పడుకుని మీ ఊపిరి వింటూ నిద్రపోనిది నేను. ఇవాళ హాయిగా పడుకుంటాను.

తా.క. అలమారలో బన్ను దాచాను. రుచి చూసి వదిలేయకండి. కూర్చుని మొత్తం తినండి.