దూపకు వ్యాకరణం మాఫీ చేయవలెనని

మహారాజశ్రీ తాలీమాత్ ముహతమీం (బడుల తనిఖీ అధికారి) సర్కారు వారి సముఖమునకు,

రాజోలి చెంత రేవుబండ గ్రామ కాపురస్తుడు, ఎద్దులకు నాడాలు కొట్టి బ్రతుకు షేక్ మౌలాలి చేసుకొను అర్జీ.

1352 ఫస్లీ, ఖుర్దాద్ మాసం.

విషయం: రేవుబండ సర్కారు ప్రైమరీ బడిలో పిల్లలు నీళ్లు అడుగవలసిన పద్ధతి గురించి, నా బిడ్డ మెహబూబీ పేరు కొట్టివేయుట గురించి, నీళ్లమనిషి బీబీజాన్ నౌకరీ గురించి.

అయ్యా,

ఈ అర్జీ తెలుగులో ఉన్నందుకు ముందుగా మన్నించగలరు. మా ఇంటి భాష ఉర్దూ అని మేము తాతల నాటి నుండి అనుకొనుచుంటిమి. అది ఉర్దూ కాదని మా ఊరి బడిపంతులు శంకరయ్య గారు ఈ సాలున తేల్చినారు. తప్పుల ఉర్దూలో అర్జీ ఇచ్చినచో తిరుగగొట్టుదురను భయమున, అక్షరములు తెలిసిన మా పొరుగింటి నేతగాడు మొగులయ్య చేత తెలుగులో వ్రాయించుచున్నాను. పెద్ద మాటలు ఆయనవి. కడుపుమంట నాది.

1. శంకరయ్య పంతులు గారు తెలకపల్లి వారు. ఇంట తెలుగువారే. పట్నంలో ఉర్దూ నేర్చి, పరీక్షలు ప్యాసై, దసరా దాటినాక మా బడికి వచ్చినారు. వచ్చిన వారమే గోడకు ఖాయిదాలు అంటించినారు. టోపీ లేనిదే లోనికి రారాదు. గంట కొట్టిన తర్వాత వచ్చినవారు గడప బయటనే. వీటికి మేము ఏమీ అనలేదు. మూడవ ఖాయిదా ఏమనగా, నీళ్లు త్రాగవలెనన్నను, ఒంటికి పోవలెనన్నను, బిడ్డ లేచి చేతులు కట్టుకొని, "జనాబె ఆలీ, ఇజాజత్ మర్హమత్ ఫర్మాయీ జాయే" అని, అనగా అయ్యగారు అనుమతి దయచేయవలెనని, తప్పు లేకుండ అడుగవలెను. తప్పు పోయినచో కూర్చుండవలెను. మరల అడుగుట మరుసటి గంట కొట్టిన తర్వాతనే. ఆ వాక్యము పూర్తియగులోపల కొందరు చిన్నపిల్లలకు ఒంటికి పోవు అక్కర తీరిపోయెడిది.

ఈ ఒక్క విషయమున పంతులు గారు కులము మతము చూడలేదని ఒప్పుకొనవలెను. నేతవారి పిల్లలను, మాదిగ మాసయ్య కొడుకును, మా సాయిబుల పిల్లలను సమానముగా ఎండబెట్టినారు. మా మెహబూబీ లేచి, "మేరేకు పానీ హోనా" అన్నదట. మా అమ్మ చచ్చేటప్పుడు కూడ అట్లే అడిగినది, మేము పోసినాము.

"'హోనా' అంటే అగుట, 'చాహియే' అంటే కావలెను. నీకు నీళ్లు కావాల్నా, నువ్వే నీళ్లయితవా? కూసో!" అని పంతులు గారు కసరినారు. పాఠము ఉర్దూలో, తిట్లు తెలుగులో చెప్పుట వారి పద్ధతి. పిల్లలకు బాగుగా వచ్చినది రెండవదే.

2. బడికి నీళ్లు మోయునది బీబీజాన్. పెనిమిటి పోయిన ఆడమనిషి. తుంగభద్ర నుండి బిందెతో తెచ్చి బడి మూలనున్న కుండ నింపెడిది. "సాయిబుల మనిషి తెచ్చిన నీళ్లు మా పిల్లలు త్రాగుటెట్ల" అని మొదట కొందరు గొణిగినారు గాని, నది అందరిదే గదా అని ఊరిలోనే సర్దుకొన్నాము. కొత్త ఖాయిదా వచ్చినాక కుండ నింపినది నింపినట్లే ఉండసాగినది. త్రాగువారు లేరు గదా. అది చూచి పంతులు గారు, "కుండ ఒడుస్తలేదు. ఇంక నీళ్ల మనిషెందుకు?" అని బీబీజాన్‌ను మాన్పించినారు.

ఆమె మా వాకిట నిలిచి, "మౌలాలి భాయ్, పని సరిగ చెయ్యకపోతే తీసేస్తరని తెలుసు. కుండ నిండుగ ఉన్నదని తీసేసుడు ఏడనన్న ఉన్నదా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు జవాబు తమకు తోచినచో సెలవియ్యగలరు.

3. ఎండలు మొదలైనాక ఒకనాడు మొగులయ్య చిన్నకొడుకు బాలకిష్టయ్య... ఈ అర్జీ వ్రాయుచున్న చేయి ఇచ్చట జర ఆగినది, మన్నించగలరు. ఆ పిల్లవానికి ఉర్దూ ముక్క రాదు. అడుగలేక, ఓర్చుకొని ఓర్చుకొని, కూర్చున్న చోటనే లాగు తడుపుకొన్నాడు. బడి పాడు చేసినాడని పంతులు గారు వానిని వాకిట ఎండలో నిలబెట్టినారు. వాడు కొంతసేపు నిలిచి, కొడవలి పెట్టిన జొన్నదంటు వలె పడిపోయినాడు.

లోపల పిల్లలంతా చూచుచున్నారు. లేవవలెనన్న అనుమతి కావలెను. అనుమతికి వాక్యము కావలెను. మా మెహబూబీ ఏ వాక్యమూ చెప్పలేదు. లేచి, కుండలో మిగిలియున్న నీళ్లలో చెంబు ముంచుకొని ఉరికి, వాని ముఖమున నీళ్లు కొట్టి, మిగిలినవి నోట పోసినది. వాడు కన్ను తెరిచినాడు.

ఇజాజత్ లేకుండ కుండ ముట్టినది, పాఠము నడుమ లేచినది, బయటికి ఉరికినది అని చెప్పి పంతులు గారు ఆమె పేరు కొట్టివేసినారు. ఒక పిల్లవాడు పడిపోయిన సంగతి ఆ కారణములలో ఎక్కడా లేదు. పడిపోవుటకు ఖాయిదా ఇంకను వ్రాయలేదు కాబోలు.

4. నేను బడికి పోయి, సలాము చేసి, నాకు వచ్చిన ఉర్దూలో మొర పెట్టుకొన్నాను. నా మాట అర్థము కాలేదని వారు గొప్ప ఉర్దూలో సెలవిచ్చినారు. వారిది నాకు కాలేదు. కడకు ఇద్దరమూ తెలుగులోకి దిగినాము.

"పంతులూ, పిల్లగాడు సచ్చిపోతుంటే నీళ్లు పోసుడు తప్పా?"

"పోసుడు తప్పు గాదు మౌలాలీ. అడగకుండ పోసుడు తప్పు."

"అడిగేదాంక పానం ఆగకపోతే?"

"గట్లని ఖాయిదా ఇడిసిపెడ్తె, పైనోళ్లు వచ్చి చూస్తె ఏం జెప్పాలె? నౌకరి పోయేది నాది, నీది గాదు."

ఈ చివరి మాట ఆయన మెల్లగా అన్నారు. అది నిజమే అనిపించినది. కనుకనే పైవారికి వ్రాయుచున్నాను.

5. ఆ సాయంత్రమే మొగులయ్య కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చి, "నీ బిడ్డ పోసిన నీళ్లతోని బతికిండు వీడు. ఆమెకు లేని బడి వీనికేందికి?" అని కొడుకును మాన్పించినాడు. పిదప మాసయ్య, పిదప మిగిలినవారు. బడిలో పంతులు గారు, కుండ, ఖాయిదాలు మాత్రమే మిగిలినవి. అంతలో తమరు తనిఖీకి దయచేయుదురని కబురు వచ్చినది.

అయ్యా, ఆనాడు తమరు చూచినవారు మా బడి పిల్లలు కారు. చుట్టుపట్ల ఊళ్ల పశుల కాపరి పిల్లలకు పంతులు గారు బెల్లము ఆశపెట్టి, చెవుల దాక దిగు టోపీలు పెట్టి కూర్చుండబెట్టినారు. వారి పశువులను ఆ పూట మా బడి పిల్లలు నది ఒడ్డున కాచినారు. అక్కడ ఎవరినీ అడుగకుండ కడుపునిండ నీళ్లు త్రాగినారు. తమరు "ఇంత శాంతముగా కూర్చున్న పిల్లలను జిల్లాలో చూడలేదు" అని మెచ్చుకొన్నారని ఊరంతా చెప్పుకొన్నది. వారు శాంతపరులు కారు. తమరు ఉర్దూలో ఏమి అడుగుచున్నారో తెలియక నోరు తెరువలేదు. నిండు కుండను చూచి నీళ్ల ఏర్పాటు బాగున్నదని కూడ సెలవిచ్చితిరట. ఆ ఒక్క పూటకు బీబీజాన్‌ను పిలిపించి నింపించినారు. తమరి బండి ఊరు దాటకముందే ఆమెను పొమ్మన్నారు.

6. తమరి బండి నిజమునకు వెంటనే ఊరు దాటలేదు. ఎడమ ఎద్దు నాడా ఊడి మా వాకిట ఆగినది. తమకు జ్ఞాపకముండును. నేను ఎద్దును పడవేసి కాళ్లు కట్టి కూర్చుంటిని. తమరు రుమాలుతో మెడ తుడుచుకొని, "బిడ్డా, జర నీళ్లియ్యి" అని తెలుగులోనే అడిగినారు. మెహబూబీ పరుగున తెచ్చి ఇచ్చినది. తమరు త్రాగి, బిడ్డ తల నిమిరి, "బడికి పోతలేవా?" అన్నారు.

"నాకు నీళ్లడగనీకి రాదని తీసేసిండ్రు సాబ్" అన్నది.

తమరు నవ్వినారు. తమ జవాను నవ్వినాడు. పిల్ల వేళాకోళమాడినదని అనుకొని ఉందురు. నేను వెంటనే చెప్పవలసినది. కాని అయ్యా, నాడాలు కొట్టువాడు మేకులు నోటబెట్టుకొనును. మేకులన్నీ ఎద్దు కాలికి ఎక్కునప్పటికి తమరు బండి ఎక్కినారు.

కావున తమరు దయచేసి మెహబూబీ పేరు మరల వ్రాయించి, బీబీజాన్‌ను పనిలో పెట్టించి, దూపగొన్న పిల్లలు వారికి వచ్చిన మాటలో, మాట రానిచో వేలు చూపియైనను నీళ్లు అడుగుటకు హుకుం ఇప్పించవలెనని, ఇదంతయు చిత్తగించి దూపకు వ్యాకరణం మాఫీ చేయవలెనని కోరుచున్నాను.

తమ విధేయుడు,
తమ ఎడమ ఎద్దు కూడ ఎరిగినవాడు,
షేక్ మౌలాలి (వేలిముద్ర)

మరొక్క మనవి: ఈ అర్జీ మడత పెట్టుచుండగా శంకరయ్య పంతులు గారే మా ఇంటికి వచ్చినారు. సంగతి ఎట్లో తెలిసినది. అర్జీ పంపవద్దనియు, మెహబూబీ ఆ వాక్యము ఒక్కసారి తప్పు లేకుండ చెప్పినచో రేపటి నుండి రావచ్చుననియు అన్నారు. నా బిడ్డ లేచి, చేతులు కట్టుకొని, జనాబె ఆలీ మొదలుకొని జాయే వరకు గడగడ చెప్పినది. ఎప్పుడు నేర్చినదో నాకు తెలియదు. పంతులు గారి ముఖము వెలిగినది. "శాబాష్! రేపు పొద్దుగాల రా" అన్నారు.

"నాకైతె వచ్చింది పంతులు సాబ్. మరి బాలకిష్టనికి దూపైతె ఎట్ల?" అన్నది.

ఆయన ఏ భాషలోనూ ఏమీ చెప్పకుండ వెళ్లిపోయినారు. అర్జీ పంపుతున్న. జవాబు తెలుగుల జెప్పినా సరే, ఉర్దూల జెప్పినా సరే సాబ్, జర జల్దిన జెప్పుండ్రి. ఎండలు ముదురుతున్నయి.